చలికాలపు వేడి పానీయాలు: శొంఠి కాఫీ, మిరియాల పాలు, రాగి జావ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ధనుర్మాసం వచ్చిందంటే మా అపార్టుమెంటులో ఎవరో ఒకరు శొంఠి పొడి కోసం మా తలుపు తడతారు. పొడి అడిగిన నోటితోనే ప్రశ్నలూ అడుగుతారు. కొలత ఎంత, పాలెందుకు విరిగాయి, చంటిదానికి పట్టొచ్చా, అసలివన్నీ ఎప్పటినుంచి తాగుతున్నాం. ఇన్నేళ్లలో విజయవాడలోనూ, గుంటూరు చుట్టాలిళ్లలోనూ నన్ను పదేపదే అడిగినవి ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మన విజయవాడలో చలి ఎక్కడుంది? ఈ వేడి కషాయాలు మనకెందుకు?

లంబసింగిలో పడే చలి మనకు పడదు, నిజమే. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలకు దిగితే ఇక్కడ అదే పెద్ద చలి. కానీ మే నెలలో 45 డిగ్రీలు మోసిన ఒళ్లు మనది, ఆ ఒంటికి ఇది చలే. పైగా ఈ నెలల్లో మన ఆచారాలన్నీ తెల్లారకముందే. కార్తీకంలో కృష్ణలో మునక, భవానీ మాల వేసుకున్నవాళ్లకూ అయ్యప్ప స్వాములకూ చన్నీళ్ల తలస్నానం, ధనుర్మాసంలో నాలుగున్నరకే వాకిట్లో ముగ్గు. దుర్గా ఘాట్‌లో మునిగి తడిబట్టలతో మెట్లెక్కుతుంటే నది మీంచి గాలి ఒక్కసారి తగులుతుంది చూడండి, పళ్లు టకటకలాడతాయి. ఇక పొగమంచు పడిన రోజైతే ప్రకాశం బ్యారేజీ మీద ఎదురొచ్చే బండి లైటు దగ్గరకొస్తే గాని కనపడదు. గొంతు పట్టేసేది, ముక్కు మూసుకుపోయేది ఆ రోజుల్లోనే.

అందుకే మన పానీయాల తీరు వేరు. టిబెట్‌లో టీలో వెన్న కలుపుకుంటారు, ఆ ఎముకలు కొరికే చలికి ఒంటికి కొవ్వు కావాలి. మనకు కావలసింది గొంతు తెరుచుకోవడం, పొట్ట తేలికపడటం. కాబట్టి నీళ్లు, ఘాటు, బెల్లం. అంతే.

మన వైపు చలికాలపు వేడి పానీయాలంటే ఏవేవి?

శొంఠి కాఫీ, మిరియాల కషాయం, ధనియాలూ జీలకర్రా వేసి కాచిన నీళ్లు, తులసి కషాయం, పొట్ట బాగోనప్పుడు వాము నీళ్లు. పాలల్లో అయితే మిరియాల పాలు, పసుపు పాలు, పెళ్లిళ్లలో బాదం పాలు. కడుపు నింపేవాటిలో రాగి జావ, జొన్న అంబలి. అన్నంలోకి చేసిందే అయినా గ్లాసులో పోసుకుని తాగేది మిరియాల చారు. అల్లం టీ అందరికీ తెలిసిందే గనక దాని గురించి ఎక్కువ రాయను.

ఇవి ఎంత పాతవి? ఎక్కడినుంచి వచ్చాయి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది.

శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపితే ఆయుర్వేదంలో త్రికటుకం. చరక, సుశ్రుత సంహితల్లో ఈ మూడూ ఉన్నాయి. కషాయం అన్న మాటా సంస్కృతందే, దానికి వగరు అని కూడా అర్థం. షడ్రుచుల్లో వగరుకి పేరు కషాయమే. చెట్ల బెరళ్లూ వేళ్లూ కాస్తే వచ్చే రుచి వగరు కాబట్టి, కాచిన మందుకంతా ఆ పేరు నిలిచినట్టుంది. మన శొంఠి కషాయంలో వగరు కంటే కారమే ఎక్కువ, పేరు మాత్రం అదే.

అయితే వైద్యుడి పుస్తకం కంటే వంటింట్లోని పోపులడబ్బాయే వీటి అసలు చరిత్ర అని నా నమ్మకం. ఎందుకంటే మిరపకాయ మన దేశపుది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో ఇక్కడికి చేరింది. అంతకు ముందు తెలుగింట కారమంటే మిరియం, శొంఠి, అల్లం, పిప్పలి. కొత్తగా వచ్చిన కాయకు మనవాళ్లు పెట్టుకున్న మిరప అన్న పేరులో ఆ పాత మిరియమే వినిపిస్తుంది. తర్వాత్తర్వాత మిరప కూరల్నీ పచ్చళ్లనీ పొడుల్నీ మొత్తం తన చేతిలోకి తీసుకుంది. పాత కారం మూడు చోట్ల మాత్రం నిలబడింది: దేవుడి ప్రసాదంలో, తద్దినం వంటలో, ఒంట్లో బాగోనివాళ్ల గ్లాసులో. ధనుర్మాసంలో గుళ్లో చేతిలో పెట్టే కట్టుపొంగలి గుర్తు తెచ్చుకోండి. నెయ్యిలో వేగిన మిరియం గింజ పంటి కింద పడుతుంది గాని అందులో మిరపకాయ ఉండదు.

మంగళగిరి పానకాల స్వామి సంగతి మన రెండు ఊళ్లవాళ్లకీ చెప్పనక్కర్లేదు. నోట్లో పోసిన పానకంలో స్వామి సగం పుచ్చుకుని సగం భక్తుడికి వదిలేస్తాడని నమ్మకం. ఇంట్లో శ్రీరామనవమికి చేసే పానకంలో ఏమేస్తామో చూడండి. బెల్లం, మిరియాలు, యాలకులు, కొంతమంది శొంఠి. అవే సరుకులు ఎండల్లో చల్లటి నీళ్లలో కలిపితే పానకం, చలిలో పొయ్యి మీద పెడితే కషాయం. రెండిటికీ మధ్య తేడా నిప్పు ఒక్కటే.

ఇంకో చిత్రం. ఈ గ్లాసులో పడేవాటిలో చాలావరకు కృష్ణా డెల్టాలో పుట్టినవి కావు. మిరియం తీగ మలబారు కొండలది. ధనియాలు మధ్యధరా సముద్రం వైపునుంచి, రాగులు తూర్పు ఆఫ్రికానుంచి, తేయాకు చైనానుంచి, కాఫీ ఇథియోపియానుంచి వచ్చాయి. చెరకు పుట్టిల్లు న్యూగినీ అంటారు. అన్నీ ఎక్కడెక్కడినుంచో వచ్చి మన ఇత్తడి గిన్నెలో కలిశాయి.

మిర్చి యార్డు ఉన్న గుంటూరులో కూడా కషాయంలో మిరపకాయ వేయరెందుకు?

పైన చెప్పిందే మొదటి కారణం. కషాయం వంటకం మిరప కంటే పాతది, దాన్ని ఎవరూ మార్చలేదు. రెండోది, కారాల నడక వేరు. మిరప కారం నాలుక మీద పట్టుకుని చాలాసేపు వదలదు. మిరియం, శొంఠి గొంతు వెనక మొదలై ఛాతీలోకి దిగి మెల్లగా చల్లారిపోతాయి. జలుబు చేసినప్పుడు మనకు కావలసింది ఈ రెండో రకం.

లోపల జరిగే పని మాత్రం ఒకటే. వేడి తగిలిందని మెదడుకి కబురు చెప్పే గ్రాహకం మన నరాల్లో ఉంది. దాని పేరు టీఆర్‌పీవీ1. 43 డిగ్రీలు దాటిన వేడికి అది మేలుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్, మిరియంలోని పైపెరిన్, అల్లంలోని జింజెరాల్ కూడా దాన్నే తడతాయి. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. కషాయం గోరువెచ్చగా ఉన్నా ఒళ్లంతా వేడెక్కినట్టు అనిపించేది అందుకే.

శొంఠి కాఫీలో కాఫీ లేదు కదా, ఆ పేరెందుకు?

కాఫీ తాగడం ఇళ్లలో అలవాటయ్యాక, పొద్దున్నే వేడిగా గ్లాసులో పోసుకుని తాగేదానికంతా ఆ పేరు అంటుకుంది. ధనియాల కాఫీ అనడమూ ఇలాంటిదే. తమిళులు దీన్నే సుక్కు కాఫీ అంటారు, అక్కడ ఇది ఇంకా ఎక్కువ. చివర్లో ఒక చెంచా ఫిల్టర్ డికాక్షన్ కలుపుకునేవాళ్లూ ఉన్నారు. కలపాలనుకుంటే మన అరకు కాఫీ బాగుంటుంది. ఆ కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్లకే మిరియం తీగలు పాకిస్తారు, కాబట్టి రెండూ ఒకే కొండమీంచి దిగిన సరుకులవుతాయి.

శొంఠి కాఫీ పొడి కొలతలు చెప్పండి.

మా ఇంటి లెక్క ఇది. ధనియాలు నాలుగు వంతులు, శొంఠి రెండు వంతులు, మిరియాలు ఒక వంతు, ఒక గ్లాసుడు పొడికి ఏడెనిమిది యాలకులు. ధనియాలు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. మిరియాలు ఊరికే వేడి చేస్తే చాలు. శొంఠి వేయించనక్కర్లేదు, ఎండలో ఒక పూట పెట్టండి.

శొంఠి కొమ్ముల్ని నేరుగా మిక్సీలో వేయకండి. బ్లేడు దెబ్బతింటుంది, పీచు చుట్టుకుంటుంది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో పెరట్లో నల్లరాతి రోలు ఉండేది. ఆవిడ కొమ్ముని నిలువుగా పెట్టి ఒక చేత్తో రోలు నోరు మూసి, రెండో చేత్తో రోకలి వేసేది, ముక్క ఎగిరి పోకుండా. మూడు పోట్లకి కొమ్ము చీలి లోపలి పసుపుపచ్చ పీచు బయటపడేది, ఆ ఘాటుకి పక్కన కూర్చున్న మాకు తుమ్ములు. దంచాక పాత పంచె గుడ్డ గిన్నెకి వాసెన కట్టి జల్లించేది. గుడ్డ మీద మిగిలిన పీచుని పారేయనిచ్చేది కాదు. "దాన్ని తీసుకెళ్లి నీళ్ల కాగులో వెయ్యవే" అనేది. ఆ నీళ్లతో స్నానం చేస్తే ఒళ్లు నొప్పులు పోతాయని ఆవిడ నమ్మకం. ఇప్పుడు నేను చిన్న ఇనప రోట్లో నలగ్గొట్టి ఆ తర్వాతే మిక్సీకి వేస్తున్నాను.

కాచేటప్పుడు ఒకటిన్నర గ్లాసు నీళ్లకి చెంచా పొడి, నిమ్మకాయంత కంటే చిన్న బెల్లం ముక్క. సన్నసెగ మీద గ్లాసు నీళ్లు మిగిలేదాకా మరగనిచ్చి, మూతపెట్టి రెండు నిమిషాలు ఆగండి. నలక అడుగుకి దిగుతుంది. అప్పుడు వడకట్టుకోండి. తాటిబెల్లం దొరికితే ఇంకా బాగుంటుంది, కాస్త పొగ వాసనతో.

పచ్చి అల్లం ఉండగా శొంఠి ఎందుకు?

ఆరినప్పుడు అల్లంలోని జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది. షోగా అంటే జపాను భాషలో అల్లం. ఈ షోగాల్ ఘాటు ఎక్కువ. అందుకే అల్లం నాలుక మీద చురుక్కుమంటుంది, శొంఠి లోపల కాలుతుంది. వికారానికి పచ్చి అల్లం, గొంతుకి శొంఠి అని మా ఇంట్లో వాడుక.

పాలు పోయగానే విరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

చలికాలంలో నాకు వచ్చే ఫోన్లలో సగం దీనికోసమే. నేనూ పెళ్లయిన కొత్తలో అత్తవారింట అర లీటరు పాలు విరగ్గొట్టినదాన్నే, సంక్రాంతికి చుట్టాలంతా హాల్లో కూర్చుని ఉండగా.

విరగడానికి కారణాలు రెండు. పచ్చి అల్లంలో పాల ప్రొటీన్‌ని ముక్కలు చేసే ఎంజైము ఉంది, దాని పేరు జింజిబైన్. గోరువెచ్చటి పాలలో అల్లం రసం పడితే పాలు గట్టిపడతాయి. దక్షిణ చైనాలో దీన్నే వాడుకుని జున్నులాంటి తీపి పదార్థం చేసుకుంటారు. మరిగితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. కాబట్టి అల్లం ముందు నీళ్లలో బాగా మరగాలి, ఆ తర్వాతే పాలు.

రెండోది బెల్లం. బెల్లంలో కొద్దిగా పులుపు, ఉప్పులు ఉంటాయి. మరుగుతున్న పాలలో పడితే అవి విరగ్గొడతాయి. స్టవ్వు ఆపి, పాలు పొంగు దిగి కాస్త చల్లారాక బెల్లం తురుము వేసి కలపండి. బెల్లాన్ని విడిగా నీళ్లలో కరిగించి, వడకట్టి కలిపితే ఇసుక కూడా పోతుంది. పాలు నిన్నటివైతే మాత్రం ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పని జరగదు.

పసుపు పాలలో మిరియం తప్పనిసరా?

వేస్తే మంచిది. పసుపులోని కుర్‌క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు, మిరియంలోని పైపెరిన్ కలిపి ఇచ్చినప్పుడు మనుషుల్లో అది రక్తంలోకి చేరడం ఎన్నో రెట్లు, వాళ్ల లెక్కలో 2000 శాతం, పెరిగిందని చూపారు. పసుపు పాలలో చిటికెడు మిరియాల పొడి వేసే ఇళ్లు అంతకు ముందే ఎన్నో. పాలలోని వెన్న కూడా సాయపడుతుంది, ఎందుకంటే కుర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి వెన్న తీయని పాలు తీసుకోండి.

పసుపు విషయంలో మనం అదృష్టవంతులం. దుగ్గిరాల పసుపు యార్డు గుంటూరు జిల్లాలోనే ఉంది. సంక్రాంతి దాటాక ఆ వైపు ఊళ్లకి వెళితే పసుపు కొమ్ములు ఉడకబెట్టి కళ్లాల్లో ఆరబోసిన వాసన రోడ్డు మీదికే వస్తుంది. మన పెరటి పసుపు మీద అమెరికాలో పేటెంటు కూడా ఇచ్చేశారు, 1995లో, పుండ్లు మాన్పడానికి వాడే పద్ధతికి. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో దాన్ని రద్దు చేశారు. ఈ సంగతి మా పిల్లలకి పాలు ఇచ్చేటప్పుడు చెబుతుంటాను, తెలియాలి కదా.

కొలత: పెద్ద గ్లాసు పాలకి పావు చెంచా పసుపు చాలు. అయిదు నిమిషాలైనా కాగాలి, లేకపోతే పచ్చి వాసన.

జావ, అంబలి, గంజి ఒకటేనా?

కాదు. గంజి అన్నం వార్చిన నీళ్లు. జావ పిండిని నీళ్లలో ఉడికించింది, వెంటనే తాగేది. అంబలి అదే జావని రాత్రి ఉంచి, పొద్దున కాస్త పులిశాక మజ్జిగ కలుపుకునేది. చలికాలానికి జావ, ఎండాకాలానికి అంబలి అని నేను అనుకుంటాను, ఒప్పుకోనివాళ్లూ ఉంటారు. రాగుల్ని ఉత్తరాంధ్రలో చోళ్లు అనీ తెలంగాణలో తైదలు అనీ అంటారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. 2023 మార్చిలో మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకంలో రాగి జావ చేర్చారు.

ఉండలు కట్టకుండా ఉండాలంటే పిండిని ముందు చన్నీళ్లలోనే కలపండి. రెండు చెంచాల పిండి అర గ్లాసు నీళ్లలో కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల నీళ్లలో ధారగా పోస్తూ తిప్పాలి. పచ్చి వాసన పోయి గోధుమరంగు మెరుపు వచ్చేదాకా ఆరేడు నిమిషాలు. ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు ఒక దారి. పాలు, బెల్లం ఇంకో దారి. పొద్దున్నే వాకింగ్ గ్రౌండ్ల దగ్గర స్టీలు క్యానుల్లో అమ్మే బండ్లవాళ్ల దగ్గర రెండు రకాలూ దొరుకుతాయి.

ఉలవచారు తాగొచ్చా?

భేషుగ్గా. ఎద్దులకు దాణాగా ఉలవలు ఉడకబెట్టి, మిగిలిన కట్టుని పారేయలేక చింతపండు వేసి కాచుకున్న రైతుల వంటకం అది. ఇప్పుడు పెళ్లిభోజనాల్లో మీగడతో వడ్డిస్తున్నారు. తాగడానికైతే చిక్కటి చారు కాదు, పలచటి ఉలవకట్టు తీసుకుని మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి కాచండి. వేడి చేస్తుందంటారు గనక ఒక గ్లాసుతో ఆపండి.

ఇవి తాగితే జలుబు తగ్గుతుందా?

జలుబు వైరస్‌ని చంపవు. జలుబు దాని రోజులు అది తీసుకుంటుంది. కానీ ఉపశమనం నిజం. 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీలో జలుబు చేసిన 30 మందికి పండ్ల రసం వేడిగానూ, మామూలుగానూ ఇచ్చి చూశారు. మామూలు రసం తాగినవాళ్లకి ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు తగ్గినట్టు అనిపించింది. వేడిది తాగినవాళ్లకి వాటితోపాటు గొంతు నొప్పి, చలి, నీరసం కూడా తగ్గినట్టు అనిపించింది. అది ఉత్త పండ్ల రసమే. మన గ్లాసులో శొంఠీ మిరియమూ కూడా ఉన్నాయి. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, ఆయాసం వస్తుంటే కషాయం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకి వెళ్లండి.

రోజుకి ఎన్నిసార్లు?

ఒకసారి, జలుబు ఉంటే రెండుసార్లు. 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చినచెక్క, శొంఠి, మిరియాల కషాయం రోజుకి ఒకటి రెండుసార్లు తాగమంది. కరోనా భయంతో మా ఇంట్లో నాలుగుసార్లు తాగాం. వారానికల్లా అందరికీ కడుపులో మంట, నోట్లో పుండ్లు. మందు అన్న మాట ఉన్నచోట మోతాదు కూడా ఉంటుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

ఏడాది నిండని పిల్లలకి తేనె కలిపినవి అసలు పట్టకండి, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఆ వయసుకి కషాయమూ వద్దు. షుగర్ ఉన్నవాళ్లకి బెల్లమూ చక్కెరే, తియ్యదనం లేకుండా తాగండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, అల్సర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే.

సరుకు ఎలా చూసి కొనాలి?

విజయవాడలో వన్‌టౌన్, గుంటూరులో పట్నంబజారు పచారీ కొట్లలో విడిగా చూసి కొనుక్కోవచ్చు. శొంఠి మరీ తెల్లగా ఉంటే సున్నం పట్టించినదని అర్థం, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. మట్టిరంగుది తీసుకోండి. విరిచి చూడండి, సన్న చిల్లులుంటే పురుగు పట్టింది. మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు. నీళ్లలో వేస్తే గట్టి మిరియాలు మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలతాయి. బెల్లం బంగారు రంగులో మెరుస్తుంటే రంగు తేల్చడానికి హైడ్రోస్ అనే రసాయనం వేసి ఉంటారు, ముదురు రంగుదే మంచిది. పసుపు కొమ్ములు కొని ఆడించుకోండి.

మా పిల్లలు వాసనకే పారిపోతున్నారు. ఎలా అలవాటు చేయాలి?

ముందు పోసేయకండి, ముందు దంచనివ్వండి. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు కషాయం అంటే ముక్కు మూసుకునేది. ఒక భోగి నాడు తెల్లవారుజామున దాని చేతికి ఇనప రోలు, నాలుగు మిరియాలు, ఒక యాలక్కాయ ఇచ్చాను. మంట దగ్గర కూర్చుని చాలాసేపు దంచింది. దాని పొడితోనే, బెల్లం కాస్త ఎక్కువ వేసి చిన్న గ్లాసులో ఇచ్చాను. రెండు గుక్కలు మొహం చిట్లిస్తూ తాగింది. మూడో గుక్కకి గొంతు మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మా, ఇక్కడ దీపం పెట్టినట్టుంది" అంది. అప్పటినుంచి మా ఇంట్లో మిరియాలు దంచే పని దానిదే.